ఒకటీ ఒకటీ కలిస్తే సున్నా: కృష్ణబిలం మింగిన సమాచారం

మొఘల్‌పురా నడిమధ్యన ఒక మేకు దిగ్గొట్టి, దానికి 2.95 కిలోమీటర్ల తాడు కట్టి చుట్టూ గీత గీశామనుకోండి. ఉత్తరాన చార్మినార్, మక్కా మసీదు, నయాపూల్ కింద పారే మూసీ, అవతలి ఒడ్డున అఫ్జల్‌గంజ్ గీత లోపలే ఉంటాయి. మొజంజాహీ మార్కెట్ బయట పడుతుంది. దక్షిణాన లాల్‌దర్వాజా, అలియాబాద్ దాటి గీత ఫలక్‌నుమా దాకా వెళ్తుంది. సూర్యుడిలో ఉన్న 2×10³⁰ కిలోల పదార్థాన్నంతా 18.5 కి.మీ. చుట్టుకొలత ఉన్న ఈ వలయంలో ఇమిడేలా నొక్కగలిగితే అది కృష్ణబిలం అవుతుంది. మన సూర్యుడు ఎన్నటికీ అలా కాడు, ఆ బరువు చాలదు. కానీ భౌతిక శాస్త్రవేత్తలు లెక్క వేసేటప్పుడు ముందుగా పట్టుకునే కొలత మాత్రం సూర్యుడంత బరువున్న కృష్ణబిలమే.

దానికి మూడు అంకెలున్నాయి. ఉష్ణోగ్రత 6.2×10⁻⁸ కెల్విన్. ఆయుష్షు 2×10⁶⁷ సంవత్సరాలు. ఎంట్రపీ, అంటే లోపలి స్థితి గురించి మనకు తెలియనిదాని కొలత, 10⁷⁷. మొదటి రెండూ స్టీఫెన్ హాకింగ్ 1974 మార్చి 1న 'నేచర్' పత్రికలో అచ్చేసిన చిన్న వ్యాసం నుంచి వచ్చాయి. అప్పటిదాకా కృష్ణబిలం నుంచి ఏదీ బయటికి రాదన్నది అందరూ ఒప్పుకున్న మాట. క్వాంటం సిద్ధాంతాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే బిలం కాగిన ఇనుములా వెలుగుతుందనీ, ఆ వెలుగుతోపాటే బరువు తగ్గుతూ చివరికి ఆవిరైపోతుందనీ హాకింగ్ చూపించాడు. మూడో అంకెకు పునాది వేసింది జేకబ్ బెకెన్‌స్టైన్. మన బిలం ఉపరితల వైశాల్యం 109 చ.కి.మీ. దాన్ని ప్లాంక్ వైశాల్యంతో, అంటే 2.6×10⁻⁷⁰ చదరపు మీటర్లతో భాగించి, అందులో నాలుగో వంతు తీసుకుంటే 10⁷⁷ వస్తుంది. మామూలు సూర్యుడి ఎంట్రపీ 10⁵⁸ స్థాయిలో ఉంటుంది. అదే పదార్థం బిలంగా మారగానే లెక్క 10¹⁹ రెట్లు పెరిగిందన్నమాట.

ఈ ఆవిరి కావడాన్ని ఇంతవరకు ఎవరూ కళ్లారా చూడలేదు. చూసే వీలూ ఇప్పట్లో లేదు. అంతరిక్షమంతా నిండిన నేపథ్య రేడియేషన్ 2.7 కెల్విన్ దగ్గర ఉంది. మన బిలం కన్నా అది నాలుగు కోట్ల రెట్లకు పైగా వేడి. కాబట్టి నేటి కృష్ణబిలాలు ఇచ్చేదానికన్నా పుచ్చుకునేదే ఎక్కువ. విశ్వం పుట్టిన కొత్తలోనే సుమారు 50 కోట్ల టన్నుల బుల్లి బిలం ఏదైనా ఏర్పడి ఉంటే దాని ఆయుష్షు 1,380 కోట్ల ఏళ్లు, అంటే సరిగ్గా ఈ రోజుల్లో ముగియాలి. అలాంటివాటి కోసం వెతికారు, ఒక్కటీ దొరకలేదు.

చిక్కంతా బిలం వెదజల్లే ఈ వెలుగు, అంటే హాకింగ్ రేడియేషన్, స్వభావంలో ఉంది. దాని ఉష్ణోగ్రత బిలం బరువు మీద, దాని తిరుగుడు మీద, విద్యుదావేశం మీద మాత్రమే ఆధారపడుతుంది. లోపల పడింది హైడ్రోజనా, ఇనుమా, ఒక గ్రంథాలయం నిండా పుస్తకాలా అన్నది ఆ రేడియేషన్‌లో ఎక్కడా కనిపించదు. బిలం ఉన్నంతకాలం అదంతా లోపల ఎక్కడో దాగి ఉందని సర్దిచెప్పుకోవచ్చు. బిలమే మాయమైన మర్నాడు ఏం చెప్పాలి?

బేగంపేట పలకలు

భౌతిక శాస్త్రంలో సమాచారం అంటే ఏమిటో తెలియాలంటే హైదరాబాద్ పనినే ఒకదాన్ని చూడవచ్చు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ పాతబస్తీ వైపు ఫిసల్‌బండలో సొంత ఖర్చుతో ఒక వేధశాల కట్టించాడు. అదే నిజామియా అబ్జర్వేటరీ. ఆయన మరణం తర్వాత నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. 1908లో అది బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి నక్షత్రాల స్థానాలను పట్టిక కట్టే అంతర్జాతీయ పథకంలో హైదరాబాద్ వంతుకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ, తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ వచ్చాయి. 8 అంగుళాల దూరదర్శినితో గాజు పలకల మీద ఫొటోలు తీసి, ఒక్కో నక్షత్రపు చుక్కను మైక్రోస్కోప్ కింద పెట్టి అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అని కొలిచి రాసుకున్నారు. లక్షల నక్షత్రాలకు, దశాబ్దాల పాటు ఇదే పని.

ఆ కొలతలన్నీ 1990లలో కంప్యూటర్‌లోకి ఎక్కాయి. హిప్పార్కోస్ ఉపగ్రహం కొలిచిన కొత్త స్థానాలను పాత స్థానాల పక్కన పెట్టి, 2000లో టైకో-2 కేటలాగ్ 25 లక్షల నక్షత్రాలు ఎటు, ఎంత వేగంతో జరుగుతున్నాయో లెక్కగట్టింది. స్థానం, వేగం, గమన నియమం చేతిలో ఉంటే రేపటి ఆకాశాన్ని గీయవచ్చు, వెయ్యేళ్ల కిందటి ఆకాశాన్నీ గీయవచ్చు. నేటి స్థితి పూర్తిగా తెలిస్తే నిన్నటి స్థితి ఒకటే ఒక్కటి తేలాలి. రెండు వేర్వేరు నిన్నలు ఒకే నేడుగా మారకూడదు. శాస్త్రవేత్తలు 'సమాచారం పోదు' అన్నప్పుడు చెప్పేది ఇంతే. ఒక పుస్తకాన్ని తగలబెట్టినా పొగ, బూడిద, వేడి అన్నింటినీ అణువు అణువుగా కొలవగలిగితే అందులో ఏం రాసి ఉందో సూత్రరీత్యా తిరిగి రాబట్టవచ్చు. కృష్ణబిలం ఆవిరయ్యాక మాత్రం కొలిచేందుకు ఆ బూడిద కూడా మిగలడం లేదని హాకింగ్ లెక్క చెబుతోంది.

క్వాంటం సిద్ధాంతంలో ఈ మాటను అంకెల్లో చెప్పే పద్ధతి ఉంది. దాన్ని దగ్గరగా చూడాలి. రెండు కణాలు తీసుకోండి. ఒక్కోదాని స్పిన్ పైకైనా ఉండవచ్చు, కిందికైనా ఉండవచ్చు. ఒకటి పైకి ఉంటే రెండోది కచ్చితంగా కిందికి ఉండేలా రెంటినీ ముడివేశాం. ఇప్పుడు మొదటి కణం ఒక్కదాన్నే చూస్తే పైకి 50 శాతం, కిందికి 50 శాతం; అంతకు మించి ఏమీ తెలియదు. దాని ఎంట్రపీ 1 బిట్. రెండో కణం ఒక్కదాన్నే చూసినా అంతే, 1 బిట్. రెంటినీ కలిపి చూస్తే? జంట స్థితి పూర్తిగా తెలుసు, తెలియనిదంటూ లేదు, ఎంట్రపీ సున్నా. ఒకటీ ఒకటీ కలిస్తే రెండు కావాల్సింది సున్నా అయింది. సమాచారమంతా రెండు కణాల మధ్య సంబంధంలో ఉంది, ఏ ఒక్కదాని దగ్గరా లేదు.

హాకింగ్ రేడియేషన్‌లో ప్రతి కణమూ ఇలాంటి జంటలో సగం. రెండో సగం బిలంలో ఉంటుంది. 10⁷⁷ స్థాయిలో కణాలు బయటికొచ్చాక, లోపలి సగాలతో సహా బిలం అంతర్ధానమైతే, బయట 1లు మాత్రమే మిగిలాయి. వాటిని సున్నా చేసే జోడీలు లేవు. పూర్తిగా తెలిసిన స్థితితో మొదలై, ఎన్నటికీ తెలియని స్థితితో ముగిసింది. 1976లో హాకింగ్ ఈ మాట సూటిగా రాశాడు: గురుత్వం ఉన్నచోట క్వాంటం సిద్ధాంతపు ప్రాథమిక నియమం నిలవదు, దాన్ని మార్చాలి.

బిలం లోపల ఏదో విపరీతం జరుగుతుంది కదా, అక్కడ మన నియమాలు చెల్లవులే అని ఈ చిక్కును తోసెయ్యడానికి లేదు. రేడియేషన్ పుట్టేది ఘటనా క్షితిజం దగ్గర, అంటే బిలం అంచున. 2019 ఏప్రిల్ 10న ఫొటో విడుదలైన ఎం87 కృష్ణబిలం 650 కోట్ల సూర్యుల బరువుంటుంది. దాని క్షితిజం దగ్గర స్థలకాలపు వంపు లెక్కగడితే భూమి ఉపరితలం మీద ఉన్న వంపు కన్నా పది వేల రెట్లకు పైగా తక్కువ వస్తుంది. అంత నెమ్మదైన చోట మన నియమాలు పనిచేయాలి.

పందెం

1993లో భౌతిక శాస్త్రవేత్త డాన్ పేజ్ ఎదురు ప్రశ్న వేశాడు. సమాచారం పోదనే అనుకుందాం. అప్పుడు రేడియేషన్ ఎంట్రపీ ఎలా మారాలి? మొదట్లో జోడీలు లోపలే ఉంటాయి కాబట్టి పెరుగుతూ పోవాలి. ఒక దశ దాటాక కొత్తగా వచ్చే కణాలు పాత కణాలకు జోడీలు కావాలి, ఎంట్రపీ తగ్గుముఖం పట్టాలి, చివరికి సున్నాకు చేరాలి. ఈ మలుపు ఎప్పుడన్నది పేజ్ 2013లో జాగ్రత్తగా లెక్కవేశాడు: ఆయుష్షులో 54 శాతం గడిచాక. అప్పటికి బిలానికి 77 శాతం బరువు, 60 శాతం ఎంట్రపీ మిగిలే ఉంటాయి. అంటే బిలం ఇంకా దిట్టంగా ఉండగానే సమాచారం బయటికి రావడం మొదలవ్వాలి. హాకింగ్ లెక్కలో ఆ మలుపు రాదు, గీత పైకే పోతుంది.

1997లో సమాచారం పోతుందని హాకింగ్, కిప్ థోర్న్ ఒకవైపు, పోదని జాన్ ప్రెస్కిల్ మరోవైపు నిలబడి పందెం కాశారు. 2004 జులై 21న డబ్లిన్ సదస్సులో హాకింగ్ ఓటమి ఒప్పుకుని ప్రెస్కిల్‌కు బేస్‌బాల్ విజ్ఞాన సర్వస్వం ఇచ్చాడు. థోర్న్ ఒప్పుకోలేదు. 2012లో అల్మ్‌హైరీ, మారోల్ఫ్, పోల్చిన్‌స్కీ, సల్లీ కలిసి, సమాచారం బయటికి వస్తుందంటే నెమ్మదిగా ఉండాల్సిన క్షితిజం దగ్గర, లోపలికి పడేవాటిని కాల్చేసే నిప్పుగోడ ఉండాల్సి వస్తుందని చూపి అందరినీ మళ్లీ ఇరకాటంలో పెట్టారు. 2019లో జెఫ్ పెనింగ్టన్ ఒకవైపు, అల్మ్‌హైరీ, నెట్టా ఎంగెల్‌హార్ట్, మారోల్ఫ్, మాక్స్‌ఫీల్డ్ మరోవైపు, గురుత్వ లెక్కల్లోంచే పేజ్ చెప్పిన మలుపును రాబట్టారు. గత అర్ధ శతాబ్దంలో ఈ విషయం మీద జరిగిన అతి గొప్ప పని ఇదేనని నా నమ్మకం.

అయినా 'సమస్య తీరిపోయింది' అని రాసే కథనాలతో నేను ఏకీభవించను. ఆ లెక్కలు గట్టిగా నిలబడేది డైమెన్షన్లు తగ్గించిన నమూనాల్లో, రేడియేషన్‌ను పట్టి ఉంచే ప్రత్యేక విశ్వాల్లో. అక్కడ కూడా ఎంట్రపీ ఎంత అన్నది తేలిందే కానీ, ఫలానా కణం ఫలానా సమాచారాన్ని ఎలా మోసుకొచ్చిందన్నది తేలలేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఈ వాదనలన్నీ క్వాంటం సిద్ధాంతంలో సమాచారం ఎన్నడూ పోదన్న మాటను ముందే ఒప్పుకుని మొదలవుతాయి. ఆ మాట ఎంతవరకు నిజం?

తొమ్మిదో దారి

క్వాంటం సిద్ధాంతానికి ఒకే రూపం లేదు. 2002లో డేనియల్ స్టయర్, సహచరులు 'అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్'లో తొమ్మిది రూపాల జాబితా ఇచ్చారు. హైజన్‌బర్గ్ మాత్రికలు, ష్రోడింగర్ తరంగాలు, ఫైన్‌మన్ మార్గాల మొత్తం, విగ్నర్ ఫేజ్ స్పేస్, డెన్సిటీ మ్యాట్రిక్స్, బోమ్ చెప్పిన దారిచూపే తరంగం ఇలా సాగే ఆ జాబితాలో తొమ్మిదోది హామిల్టన్-జాకోబీ రూపం. 1983లో లీకాక్, ప్యాడ్జెట్ దీన్ని కొత్తగా మలిచారు. దాన్ని చేతికి తీసుకుని పదునుపెట్టిన చోట్లలో ఒకటి మన హైదరాబాద్. మొఘల్‌పురాకు 20 కి.మీ. దూరంలో గచ్చిబౌలిలో ఉన్న కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆర్.ఎస్. భల్లా, ఎ.కె. కపూర్, పి.కె. పాణిగ్రాహి 1997లో, అదే అమెరికన్ పత్రికలో, ఈ పద్ధతితో ఎన్నో తెలిసిన శక్తి స్థాయిలను సులువుగా రాబట్టి చూపించారు. 2003లో గియోజో, శ్రీరంజని, కపూర్ దాన్ని ఇంకా జటిలమైన సమస్యలకు విస్తరించారు. మన ఊళ్లో జరిగిన ఈ పని గురించి మనవాళ్లకే పెద్దగా తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

పద్ధతి చాలా అందమైనది. తరంగాన్ని నేరుగా కనుక్కోకుండా, తరంగపు వాలును తరంగంతో భాగించి వచ్చే రాశిని పట్టుకుంటారు. దాన్ని క్వాంటం మొమెంటమ్ అంటారు. తరంగం సున్నా అయిన ప్రతి చోటా ఈ రాశి అనంతమవుతుంది, ఎందుకంటే అక్కడ సున్నాతో భాగిస్తున్నాం. గణితంలో అలాంటి చోటును పోల్ అంటారు. మూడో ఉత్తేజిత స్థితిలో తరంగం మూడుసార్లు సున్నాను దాటుతుంది కాబట్టి పోల్స్ మూడు. వాటి చుట్టూ ఒక మూసిన దారి వెంట ఆ రాశిని కూడితే సరిగ్గా 3 ప్లాంక్ స్థిరాంకాలు వస్తాయి, అటూ ఇటూ కాకుండా. స్ప్రింగ్‌లా ఊగే కణానికి ఆ ఒక్క షరతుతోనే శక్తి మూడున్నర ప్రమాణాలని తేలిపోతుంది. ష్రోడింగర్ సమీకరణాన్ని సాధించనే అక్కర్లేదు.

ఇప్పుడు ఇదే చూపుతో కృష్ణబిలం వైపు తిరగండి. పుణెలో కె. శ్రీనివాసన్, టి. పద్మనాభన్ 1999లో అచ్చేసిన పత్రంలో బిలం అంచున కదిలే కణానికి హామిల్టన్-జాకోబీ సమీకరణం రాశారు. క్షితిజానికి చేరేసరికి కణపు మొమెంటమ్ అనంతమవుతుంది. అక్కడ కూడా ఒక పోల్ ఉందన్నమాట. దాని చుట్టూ సగం చుట్టు తిరిగి దాటితే లెక్కలోకి ఒక ఊహాసంఖ్య వచ్చి చేరుతుంది. బయటికి వచ్చే అవకాశాన్ని లోపలికి పోయే అవకాశంతో భాగిస్తే, వేడి వస్తువులకు వర్తించే బోల్ట్‌జ్‌మన్ సూత్రమే కనిపిస్తుంది. అందులోంచి ఉష్ణోగ్రత చదివితే హాకింగ్ అంకె, 6.2×10⁻⁸. 1974లో హాకింగ్ బిలం పుట్టుక మొదలుకుని తరంగాలను వెంబడిస్తూ పొడవైన లెక్కతో చేరిన చోటికి ఇది కొద్ది పంక్తుల్లో చేరుతుంది. గచ్చిబౌలి పని, పుణె పని వేర్వేరుగా జరిగినవే. కానీ అణువు శక్తి మెట్లనూ బిలం వేడినీ నిర్ణయించేది ఒకే రకం గణితమని పక్కపక్కన పెట్టి చూసినప్పుడు కలిగే ఆనందం వేరు.

కాబట్టి రూపం మారిస్తే కనిపించేది మారుతుంది. ఒకటీ ఒకటీ సున్నా అన్న లెక్క డెన్సిటీ మ్యాట్రిక్స్ రూపంలో తేటతెల్లంగా ఉంటుంది. పేజ్ మలుపును రాబట్టిన 2019 లెక్కల వెంటే వచ్చిన వార్మ్‌హోల్ లెక్కలు ఫైన్‌మన్ రూపం లేకుండా ఎవరికీ తట్టేవి కావు. అయితే ఈ తొమ్మిదీ ఒకే ప్రయోగానికి ఒకే జవాబిస్తాయి. అందువల్ల రూపం మార్చినంత మాత్రాన సమాచారం చిక్కు తీరదు. బోమ్ చిత్రంలో కణాలకు ఎప్పుడూ కచ్చితమైన స్థానాలుంటాయి. అయినా దారిచూపే తరంగం పాత నియమాన్నే పాటిస్తుంది కాబట్టి ప్రశ్న అలాగే నిలుస్తుంది. 1957లో ఎవరెట్ ప్రతిపాదించిన బహు విశ్వాల చిత్రంలోనూ మొత్తం తరంగం ఏ సమాచారాన్నీ పోగొట్టుకోదు. మనం ఉన్న కొమ్మ నుంచి అది కనబడదంతే.

మామూలు క్వాంటం సిద్ధాంతంలోనే ఒక ముడి విప్పకుండా ఉండిపోయింది. మనం కొలవనంతసేపూ తరంగం ఒక నియమం ప్రకారం సాగుతుంది, అందులో సమాచారం పోదు. కొలిచిన క్షణాన పైకీ కిందికీ రెండూ ఉన్న తరంగం ఏదో ఒకదానికి కుదించుకుపోతుంది. దీన్నే కొలాప్స్ అంటారు. 'పైకి' అన్న ఫలితం చేతిలో ఉంటే, కొలవక ముందు తరంగంలో పైకి 50 శాతం ఉందా, 90 శాతం ఉందా ఎలా చెప్పగలం? చెప్పలేం. వేర్వేరు నిన్నలు ఒకే నేడుగా మారిపోయాయి. కృష్ణబిలంలో జరగకూడదని అంతగా పట్టుబడుతున్న పని, పాఠ్యపుస్తకాన్ని ఉన్నదున్నట్టు చదివితే, ప్రతి ప్రయోగశాలలోనూ రోజూ జరుగుతోంది.

సెకనుకు ఎన్నిసార్లు?

కొలాప్స్‌ను పరిశీలకుడి చేతిలో పెట్టకుండా ప్రకృతి నియమంగానే రాస్తే ఎలా ఉంటుందో 1986లో ఘిరార్డి, రిమిని, వెబర్ అనే ఇటలీ శాస్త్రవేత్తలు రాసి చూపించారు. ఇది పదో రూపం కాదు. వేరే అంకెలిచ్చే వేరే సిద్ధాంతం. ఒక్కో కణానికి సెకనుకు 10⁻¹⁶ సార్లు, ఏ కారణమూ లేకుండా, తరంగం 10⁻⁷ మీటర్ల పరిధికి కుదించుకుంటుంది. ఒంటరి ప్రోటాన్‌కు ఇది సుమారు 32 కోట్ల ఏళ్లకు ఒకసారి జరుగుతుంది, కాబట్టి అణువుల ప్రయోగాల్లో పట్టుబడదు. కంటికి కనబడే వస్తువులో 10²³ కణాలుంటాయి. అక్కడ సెకనుకు కోటి సార్లు జరుగుతుంది. ఒక్క కణం కుదించుకున్నా దానితో ముడిపడ్డ వస్తువంతా ఒక చోట నిలుస్తుంది. కుర్చీలు, బల్లలు ఒకేసారి రెండు చోట్ల ఎందుకు కనిపించవో రెండు అంకెలతో తేల్చేశారు. 1989-90లో ఫిలిప్ పెర్ల్, ఘిరార్డి, రిమిని దీన్ని ఆగకుండా సాగే రూపంలోకి మార్చారు.

ఈ సిద్ధాంతంలో సమాచారం అన్నిచోట్లా, ఎల్లప్పుడూ, అతి కొద్దిగా పోతూనే ఉంటుంది. అలాంటప్పుడు కృష్ణబిలంలో పోయిందంటే ఆశ్చర్యపోవాల్సిందేముంది? మెక్సికోలో డేనియల్ సుడార్‌స్కీ, ఎలియాస్ ఓకోన్ ఎన్నో ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్న ఇదే. 2015లో సుజయ్ మోదక్, లియొనార్డో ఓర్టిజ్, ఇగోర్ పెన్యా, సుడార్‌స్కీ కలిసి ఒక నమూనాను పూర్తిగా లెక్కగట్టారు. వాళ్ల ఊహ ఏమిటంటే, కొలాప్స్ రేటు అన్నిచోట్లా ఒకటే కాదు, స్థలకాలపు వంపుతోపాటు పెరుగుతుంది. బిలం మధ్యకు పోయేకొద్దీ వంపు ఎలా పెరుగుతుందో చూడండి: దూరం పదో వంతయితే వంపు వెయ్యి రెట్లు, వందో వంతయితే పది లక్షల రెట్లు. మధ్యకు చేరేలోపు కొలాప్స్ ఎంత తీవ్రమవుతుందంటే లోపలి సగాల సమాచారం అక్కడే పూర్తిగా చెరిగిపోతుంది. బయటి రేడియేషన్ హాకింగ్ చెప్పినట్టే మిగులుతుంది. నిప్పుగోడ లేదు, పేజ్ మలుపు లేదు, విరోధమూ లేదు. లెక్క చేసింది రెండు డైమెన్షన్ల బొమ్మ విశ్వంలోనే అన్నది మరువకూడదు. 2019 నాటి లెక్కలకు ఉన్న పరిమితే దీనికీ ఉంది.

దీనిమీద గట్టి అభ్యంతరం 1984 నుంచీ ఉంది. సమాచారం పోయే నియమం రాస్తే శక్తి నిత్యత్వం దెబ్బతిని, శూన్యమే కాగిపోతుందని బ్యాంక్స్, పెస్కిన్, సస్కిండ్ వాదించారు. 1995లో అన్రూ, వాల్డ్ దానికి జవాబిచ్చారు: శక్తి మార్పును కొలతకు అందనంత చిన్నదిగా ఉంచుతూనే సమాచారం పోయే నియమాలు రాయవచ్చు. 1986 అంకెలతో ఒక ప్రోటాన్‌కు పెరిగే శక్తి సెకనుకు 10⁻²⁵ ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయి. చిన్నదే, కానీ సున్నా కాదు. నన్ను ఈ సిద్ధాంతాల వైపు లాగింది సరిగ్గా ఈ సంగతే. తప్పయితే తప్పని తేల్చే అవకాశాన్ని ఇవి ఇస్తాయి.

తేల్చే పని జరుగుతోంది కూడా. కొలాప్స్ కణాలను కుదుపుతుంది. కుదుపుకు లోనైన విద్యుదావేశం ఎక్స్‌రేలు వెదజల్లాలి. ఇటలీలో గ్రాన్ సాసో కొండ అడుగున, అంతరిక్ష కిరణాలు దాదాపుగా చేరని చోట, అతి శుద్ధమైన జర్మేనియం ముక్కను పెట్టి ఆ ఎక్స్‌రేల కోసం ఎదురుచూశారు. అవి కనిపించలేదు. దానితో గురుత్వమే కొలాప్స్‌కు కారణమన్న డియోసీ-పెన్‌రోజ్ ఆలోచన సరళ రూపంలో నిలవదని తేలింది. ఆగకుండా సాగే నమూనాలో రేటు సెకనుకు 5×10⁻¹³ దాటకూడదని 2021లో తేలితే, 2022లో అమెరికాలో మజొరానా డిమాన్‌స్ట్రేటర్ దాన్ని 5×10⁻¹⁵కు దించింది. 2025లో గ్రాన్ సాసోలోనే జీనాన్-ఎన్‌టీ ప్రయోగం ఇంకో వంద రెట్లు కిందికి దించి, 10⁻¹⁶ సార్లు, 10⁻⁷ మీటర్లు అన్న తొలి అంకెలను మొట్టమొదటిసారి కొట్టివేసింది. కృష్ణ పదార్థాన్ని వెతకడానికి కట్టిన యంత్రం అది.

కొట్టివేత సరళమైన నమూనాకు మాత్రమే వర్తిస్తుంది. కుదుపు అన్ని పౌనఃపున్యాల్లో సమానంగా కాకుండా తక్కువ పౌనఃపున్యాలకే పరిమితమైతే ఎక్స్‌రేలు పుట్టవు. అలాంటి నమూనాలు బతికే ఉన్నాయి. వంపుతోపాటు పెరిగే రేటు సంగతి ఇంకా వేరు. కొండ కిందైనా, కొండ మీదైనా భూమ్మీద వంపు 10⁻²² స్థాయిలోనే ఉంటుంది, చదరపు మీటరుకు. మనం మొదట చెప్పుకున్న సూర్యుడంతటి బిలం క్షితిజం దగ్గర అది 4×10⁻⁷. మూడు వేల లక్షల కోట్ల రెట్ల తేడా ఇది, కాబట్టి ఇక్కడి ప్రయోగాలు అక్కడి రేటును నేరుగా పట్టుకోలేవు. ఈ రెంటి మధ్యా ప్రకృతి ఒక మెట్టు పెట్టింది: న్యూట్రాన్ నక్షత్రం. సూర్యుడికి 1.4 రెట్ల బరువు, 12 కి.మీ. వ్యాసార్ధం ఉన్న నక్షత్రం ఉపరితలం మీద వంపు సుమారు 8×10⁻⁹, భూమి మీదకన్నా డెబ్బై లక్షల కోట్ల రెట్లు ఎక్కువ. కొలాప్స్ నిజమైతే అంత పదార్థం కుదుపులకు వేడెక్కుతూ ఉండాలి, ఎంత ముసలి నక్షత్రమైనా ఒక స్థాయి కన్నా చల్లబడకూడదు. 2019లో ఆంటోయిన్ టిలోయ్, థామస్ స్టేస్ ఈ దారిలో లెక్కవేసి, వంపు ప్రమేయం లేని మామూలు కొలాప్స్ రేటుకు హద్దు గీశారు. అదే లెక్కను వంపుతో పెరిగే రేటుకు కూడా వేసి, అతి చల్లని న్యూట్రాన్ నక్షత్రాల ఉష్ణోగ్రతలతో సరిచూడడం ఇప్పుడు చేయవలసిన పని. 2015 నాటి నమూనాలో రేటు ఎంత వేగంగా పెరగవచ్చునో దానితో తేలుతుంది.